పాత అంబాసిడర్‌తో యూరప్ ర్యాలీ: తిరుపతిలోనే ముగించుకోవాల్సిన పని

తిరుమల కొండ దిగే బండి 40 నిమిషాల కంటే ముందు కిందికి రాకూడదు. ఎక్కడానికి మాత్రం 28 నిమిషాలు చాలు. దిగడానికి ఎక్కువ టైం ఎందుకు పెట్టారో ఇక్కడ స్టీరింగ్ పట్టిన వాళ్ళెవరికీ వేరే చెప్పక్కర్లేదు. పైనుంచి న్యూట్రల్లో వదిలేసి బ్రేకు తొక్కుకుంటూ వచ్చిన బండి అలిపిరి చేరేసరికి లైనింగ్ కాలిన వాసన కొడుతుంది. ఒక్కోసారి పెడలు నేలకు తగులుతుంది.

యూరప్‌లో పాత కార్లతో జరిగే ర్యాలీలకు వెళ్ళాలనుకునే జట్టుకు ఈ ఒక్క విషయం తెలిసుంటే సగం పని అయినట్టే. తిరుమల దిగితే తగ్గే ఎత్తు సుమారు 700 మీటర్లు. ఇటలీలో స్టెల్వియో కనుమ ఎత్తు 2,757 మీటర్లు. ప్రాద్ ఊరి వైపు దిగితే 25 కి.మీ. లోపే 1,800 మీటర్లకు పైగా కిందికి వస్తారు, 48 హెయిర్‌పిన్ మలుపుల మీదుగా. ముగ్గురు మనుషులు, సామానుతో 1,400 కిలోలు తూగే అంబాసిడర్ అంత ఎత్తు దిగితే బయటపడే శక్తి పది లీటర్ల బోరు నీళ్ళను మరిగించి చుక్క మిగలకుండా ఆవిరి చేయడానికి సరిపోతుంది. ఆ వేడిని ఇంజన్ మోయాలి. మోయకపోతే నాలుగు డ్రమ్ముల మీద పడుతుంది.

ముందు ర్యాలీ అంటే ఏమిటో. ఇక్కడ మాట్లాడుతున్నది రేసు గురించి కాదు. ఔత్సాహికుల ర్యాలీల్లో పబ్లిక్ రోడ్డు మీద మామూలు ట్రాఫిక్‌లో, మామూలు స్పీడ్ లిమిట్లలోనే నడపాలి. వీటిలో కొన్ని సొంతంగా దారి వెతుక్కుంటూ గమ్యం చేరే రకం. హాంబర్గ్‌లో మొదలై బాల్టిక్ సముద్రం చుట్టూ 16 రోజుల్లో 7,500 కి.మీ. తిరిగే బాల్టిక్ సీ సర్కిల్ అలాంటిది. ఇరవై ఏళ్ళు దాటిన బండి, జీపీఎస్ లేకుండా, మోటర్‌వే ఎక్కకుండా వెళ్ళాలన్నది దాని పద్ధతి. 2004లో మొదలైన మంగోల్ ర్యాలీ లీటరు లోపు ఇంజన్ అడుగుతుంది. 796 సీసీ మారుతి 800 అందులో చక్కగా ఇముడుతుంది. రెండో రకం రెగ్యులారిటీ ర్యాలీలు. గంటకు ఇన్ని కి.మీ. సగటు అని వాళ్ళు చెప్తారు, ఆ సగటును సెకన్లతో సహా నిలబెట్టాలి. ముందు వచ్చినా, వెనక వచ్చినా పాయింట్లు పోతాయి. నియమాలు ఏటా మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ ఏటి రూల్‌బుక్ మొదటినుంచి చివరిదాకా చదవాలి.

బండి ఏది అన్న ప్రశ్నకు మా సమాధానం ఒక్కటే: విడిభాగాలు అక్కడ దొరికేది. అంబాసిడర్ మారిస్ ఆక్స్‌ఫర్డ్ బిడ్డ. పాత 1,489 సీసీ పెట్రోల్ ఇంజన్ బ్రిటన్‌లో లక్షల బండ్లకు వేసిన బీఎంసీ (బ్రిటిష్ మోటర్ కార్పొరేషన్) బీ-సిరీస్ కుటుంబంలోది. ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు, కండెన్సర్, ఇంకా గ్యాస్కెట్లు, నీళ్ళ పంపు లాంటివి బ్రిటన్‌లో పాత కార్ల సామాన్లమ్మే వాళ్ళ దగ్గర ఇప్పటికీ ఉంటాయి. ప్రీమియర్ పద్మిని ఫియట్ 1100 కాబట్టి దానికి ఇటలీ పుట్టిల్లు. ఇసుజు 1800 ఇంజన్ అంబాసిడర్‌కు బలం ఎక్కువే, కానీ అక్కడ ఆ ఇంజన్ సామాను వెతుక్కోవడం కష్టం. కావాల్సినవన్నీ ఇక్కడినుంచే మోసుకెళ్ళాలి. పాత అంబాసిడర్ సామాను ఇక్కడ అయిపోతే చెన్నై పుదుపేట మార్కెట్ ఉండనే ఉంది. జర్మనీలోనో, ఫ్రాన్సులోనో అన్నో తమ్ముడో ఉద్యోగం చేస్తుంటే అక్కడే వాళ్ళ పేరుమీద పాత వోల్వో 240నో, గోల్ఫ్‌నో కొనడం ఖర్చు తక్కువ మార్గం. నివాసం లేని వాళ్ళ పేరుమీద అక్కడ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు దొరకడం కష్టం. బండి యజమాని పక్క సీట్లో లేకపోతే ఆయన సంతకం చేసిన అనుమతి పత్రం బండిలో ఉండాలి.

ఇక్కడినుంచి మాత్రం అంబాసిడర్‌నే లెక్కలోకి తీసుకుందాం.

నీళ్ళు, వేడి

మన షెడ్లలో పాత బండి వేడెక్కితే మొదట చేసే పని థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) పీకేయడం. రేణిగుంట రోడ్డులో మే నెల ఎండకు అది పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. నార్వేలో, ఆల్ప్స్ పైన అదే బండి 60 డిగ్రీలు కూడా దాటక, ఇంజన్ చల్లగా నడిచి, పెట్రోలు తాగుతుంది. ఆయిల్‌లో తేమ చేరి టాపెట్ కవర్ లోపల తెల్లటి మీగడ కడుతుంది. 82 డిగ్రీల థర్మోస్టాట్ కొత్తది వేయించండి. వేసే ముందు గిన్నెలో నీళ్ళు మరిగించి అందులో ముంచి చూడండి. తెరుచుకోనిది కొత్తదైనా పనికిరాదు.

వేడెక్కడానికి అసలు కారణం ఎక్కువసార్లు మన బోరు నీళ్ళే. ఏళ్ళ తరబడి పోసిన ఉప్పు నీళ్ళకు రేడియేటర్ గొట్టాల్లో, ఇంజన్ బ్లాకు వెనకభాగంలో సున్నం పేరుకుంటుంది. లీటరు నీళ్ళకు 50 గ్రాముల లెక్కన నిమ్మ ఉప్పు కలిపి నింపి, ఇంజన్‌ను అరగంట ఆన్‌లో ఉంచి, వేడిగా ఉండగానే వదిలేయండి. రంగు లేని నీళ్ళు వచ్చేదాకా కడిగి, చివర్లో చారెడు వంటసోడా కలిపిన నీళ్ళు ఒక పదినిమిషాలు తిప్పండి. బ్లాకు డ్రెయిన్ కాక్ విప్పితే నీళ్ళు రాకపోతే అక్కడ బురద గడ్డకట్టిందని అర్థం, గట్టి కమ్మీతో పొడవాలి. అయినా మధ్య గొట్టాలు చల్లగా, అంచులు వేడిగా ఉంటే రేడియేటర్ కోర్ మార్చడమే దారి.

ఆ తరువాత మాత్రమే కూలెంట్ పోయాలి. ఈ క్రమం ముఖ్యం. కూలెంట్‌లోని గ్లైకాల్ పాత సున్నాన్ని ఊడగొడుతుంది, కడగకుండా పోస్తే ఆ ముక్కలన్నీ రేడియేటర్‌లో అడ్డుపడతాయి. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే సున్నాకింద 35 డిగ్రీల వరకు గడ్డకట్టదు. జులైలో అంత చలి రాదు గానీ 2,500 మీటర్ల మీద రాత్రి బండి నిలిపితే వట్టి నీళ్ళను నమ్ముకోలేం.

ఎత్తు వేడికి ఇంకో లెక్క తెస్తుంది. ప్రతి 300 మీటర్లకు నీళ్ళు మరిగే ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. 2,500 మీటర్ల దగ్గర అది 92 డిగ్రీలు. 7 పౌండ్ల ఒత్తిడికి చేసిన రేడియేటర్ క్యాప్ ఆ ఒత్తిడిని సరిగ్గా పట్టి ఉంచితే ఇంకో పది డిగ్రీలు కలిసొస్తాయి. రబ్బరు ఎండిపోయిన క్యాప్ పట్టి ఉంచదు. రేణిగుంటలో మరగని బండి చల్లటి కొండమీద మరగడానికి కారణం ఇదే. క్యాప్ కొత్తది ఒకటి వేసి, ఇంకొకటి డిక్కీలో పెట్టుకోండి. ఖరీదు ఒక పూట భోజనమంత, కాపాడేది హెడ్ గ్యాస్కెట్‌ను.

బ్రేకులు

పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూకు దూరమవుతుంది, పెడలు లోపలికి వెళ్ళిపోతుంది. లైనింగ్ మరీ వేడైతే పట్టు తగ్గుతుంది, పెడలు గట్టిగానే ఉన్నా బండి ఆగదు. బ్రేక్ ఆయిల్ మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు కట్టి పెడలు మెత్తగా నేలకు దిగుతుంది. మూడింటికీ లక్షణం వేరు, మందూ వేరు. కాలికింద ఏది జరుగుతోందో తెలియకపోతే పంపింగ్ చేయాలా, ఆపి చల్లార్చాలా తేల్చుకోలేరు. పెడలు లోపలికి పోతుంటే రెండుమూడు సార్లు పంప్ చేస్తే కొంత తిరిగొస్తుంది. గట్టిగా ఉండి పట్టకపోతే పంపింగ్ వల్ల లాభం లేదు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ సాయం తీసుకొని పక్కకు ఆపాల్సిందే.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినది 140కే మరగవచ్చు. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. ఎప్పుడు పోశారో తెలియని ఆయిల్ సీసాలో తేనె రంగుకు తిరిగి ఉంటుంది, దాన్ని మొత్తం తీసేయండి. లీటరు డాట్ 4 కొనండి. బ్లీడింగ్ (గొట్టాల్లోని గాలి తీసేయడం) మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. మన కుడి స్టీరింగ్ బండికి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. సీసాలో మిగిలింది మూత తీశాక నెలల తరబడి దాచుకోకూడదు.

పాత బండికి బ్రేక్ లైను ఒకటే. ఒక వీల్ సిలిండర్ కారితే నాలుగు బ్రేకులూ పోతాయి. అందుకే నాలుగు చక్రాల సిలిండర్ల రబ్బర్లు, మాస్టర్ సిలిండర్ కిట్, మూడు రబ్బరు హోసులు పాతవి బాగున్నట్టు కనిపించినా ఒకేసారి మార్చాలి. హోసు పైకి బాగుండి లోపల ఉబ్బితే బ్రేక్ తొక్కితే పడుతుంది గానీ వదిలితే వదలదు. ఒకవైపు డ్రమ్ము మాత్రమే కాలుతుంటే ముందు దాన్నే అనుమానించండి. షూలకు కొత్త లైనింగ్ వేయించేటప్పుడు అతికించినవి కాకుండా రివెట్లు కొట్టినవే అడగండి. రివెట్ల లోతు లైనింగ్ పైపొరకు బాగా కిందే ఉండాలి. డ్రమ్ములను లేత్ మీద తిప్పించినా మరీ పలచబడనివ్వద్దు, పలచటి డ్రమ్ము త్వరగా వేడెక్కుతుంది. సర్దుబాటు చేసేటప్పుడు చక్రం పూర్తిగా పట్టేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేంతవరకు మాత్రమే వదలాలి.

దిగేటప్పుడు పాత సూత్రమే: ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగాలి. స్టెల్వియోలాంటి చోట అంబాసిడర్‌కు రెండో గేరు, హెయిర్‌పిన్ దగ్గర మొదటిది. బ్రేకు ఎప్పుడూ తొక్కి పట్టుకోకూడదు. మలుపుకు ముందు గట్టిగా ఒకసారి తొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదలాలి. ఆ వదిలిన సమయంలోనే డ్రమ్ము చల్లారుతుంది. దిగాక వేడి డ్రమ్ముమీద హ్యాండ్ బ్రేక్ లాగి నిలపకండి. గేరులో పెట్టి చక్రానికి రాయి అడ్డం వేయండి.

పెట్రోలు, గాలి

ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. యూరప్ బంకుల్లో పంపుమీద గుండ్రటి గుర్తులో ఈ5 లేదా ఈ10 అని ఉంటుంది. ఈ5 అంటే ఇథనాల్ 5 శాతానికి మించదు. ఈ తేడా పాత కార్బురేటర్‌కు చిన్నది కాదు. తిరుపతి పెట్రోలుకు సరిగ్గా కుదిర్చిన మిక్స్చర్ అక్కడ ఈ5 పోయగానే 6-7 శాతం రిచ్ అవుతుంది, అంటే గాలికి తగినదానికంటే పెట్రోలు ఎక్కువవుతుంది. దానిమీద 2,500 మీటర్ల ఎత్తులో పలచటి గాలి వల్ల ఇంకో 12-13 శాతం. అంటే కనుమ మీద నల్లపొగ, నల్లబడిన ప్లగ్గులు, లాగలేని ఇంజన్. కార్బురేటర్ చెడిపోయిందని అక్కడ విప్పి కూర్చోకండి. ఎస్‌యూ కార్బురేటర్‌లో అడుగున ఉన్న జెట్ నట్టును ఒక పలక, మరీ అవసరమైతే రెండు పలకలు పైకి తిప్పితే లీన్ అవుతుంది, అంటే పెట్రోలు తగ్గుతుంది. ఎన్ని పలకలు తిప్పారో డ్యాష్‌బోర్డు మీద చీటీ అంటించండి. కిందికి దిగాక వెనక్కు తిప్పకపోతే మైదానంలో లీన్‌గా నడిచి వాల్వులు కాలతాయి. అయినా ఆ ఎత్తులో నాలుగోవంతు దాకా పవర్ తగ్గుతుంది. అది గాలి తక్కువ కావడం వల్ల, ఏ ట్యూనింగూ దాన్ని తిరిగి తేలేదు.

పెట్రోలు పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చండి. పాత రబ్బరు లోపల మెత్తబడి, పొట్టులు రాలి ఫ్లోట్ చాంబర్ నీడిల్ దగ్గర ఇరుక్కుంటుంది, కార్బురేటర్ పొంగిపోతుంది. ట్యాంకుకు, పంపుకు మధ్య ఒక పారదర్శక ఫిల్టర్ వేస్తే ఏం వస్తోందో కంటికి కనిపిస్తుంది.

కొండ ఎక్కి ఆపిన వెంటనే ఇంజన్ ఆపేయకండి. రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. వెంటనే ఆపితే ఇంజన్ వేడంతా పంపులోకి, ఫ్లోట్ చాంబర్‌లోకి పాకి పెట్రోలు ఆవిరై, మళ్ళీ స్టార్ట్ కాదు. అప్పుడు సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ పోగొట్టుకోకుండా బానెట్ తెరిచి, పంపుమీద తడిగుడ్డ కప్పి పావుగంట ఆగాలి.

పాయింట్లు, కరెంటు

మన దగ్గర పాత బండ్లు దారిలో ఆగిపోతే కారణం ఎక్కువగా కండెన్సర్. చిన్నది, చవకది, చెప్పకుండా పోతుంది. వేడికి పోయి, చల్లారాక మళ్ళీ పనిచేసి మెకానిక్‌ను మోసం చేస్తుంది. మంచి కంపెనీవి రెండు పెట్టుకోండి. వాటిని బండికి వేసి 100 కి.మీ. నడిపి చూశాకే స్పేర్‌గా డబ్బాలో పెట్టండి. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ., ప్లగ్గుల గ్యాప్ 0.6 మి.మీ., ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ఈ మూడూ పెయింటుతో బానెట్ లోపల రాసి పెట్టండి, వానలో ఎవరు విప్పినా పనికొస్తుంది.

హెడ్‌లైట్లకు రిలేలు వేయండి. పాత వైరింగ్‌లో లైట్ల కరెంటు మొత్తం స్విచ్చు గుండా పోతుంది కాబట్టి ఇటలీలో ఊరి బయట పగలు కూడా వెలిగించిన లైట్లతో ఆ స్విచ్చు కరిగిపోతుంది. లోడుమీద వోల్టేజి 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. బాడీకి, ఇంజన్‌కు మధ్య ఎర్త్ పట్టీ కొత్తది వేయండి. లైట్లు మసకగా ఉన్నా, సెల్ఫ్ నీరసంగా తిరిగినా సగంసార్లు తప్పు దానిదే. బ్యాటరీకి మాత్రం ఎక్కడికీ పోనక్కర్లేదు, మన కరకంబాడిలోనే అమరాన్ తయారవుతుంది. కొత్తది వేసి, బిగించే క్లాంపు కదలకుండా ఉందో లేదో చూడండి.

ఇంకొక్కటి. మన లైట్లు ఎడమవైపు నడిపే దేశానికి చేసినవి. డిమ్ వేస్తే వెలుగు ఎడమవైపు ఎత్తుగా పడుతుంది. యూరప్‌లో బ్రిటన్, ఐర్లండ్, మాల్టా, సైప్రస్ తప్ప అందరూ కుడివైపు నడుపుతారు, ఆ వెలుగు ఎదురొచ్చేవాడి కళ్ళల్లో పడుతుంది. అంబాసిడర్‌ది 7 అంగుళాల గుండ్రటి లైటు కాబట్టి కుడివైపు ట్రాఫిక్‌కు చేసిన హెచ్4 యూనిట్లు రెండు అక్కడే కొని బిగించుకోవచ్చు.

డిక్కీలో ఏం ఉండాలి

ముందు స్పానర్లు. బీ-సిరీస్ ఇంజన్‌కు అంగుళాల బోల్టులు. జర్మనీలో ఏ షెడ్డుకు తోసుకెళ్ళినా మిల్లీమీటర్ సెట్టే ఉంటుంది. 13 మి.మీ. స్పానర్ అర అంగుళం నట్టుకు దాదాపు సరిపోయినట్టే ఉండి మూలలు అరగదీస్తుంది. 7/16, 1/2, 9/16, 5/8, 3/4 రింగు, ఓపెన్ స్పానర్లు రెండేసి తీసుకెళ్ళండి.

సామాన్లలో ఫ్యాన్ బెల్టులు రెండు, రేడియేటర్ పైహోసు, కిందిహోసు ఒక్కొక్కటి, క్లిప్పులు ఆరు, నీళ్ళ పంపు ఒకటి, పెట్రోలు పంపు డయాఫ్రం కిట్టు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్, పాయింట్లు రెండు సెట్లు, ప్లగ్గులు నాలుగు, వీల్ సిలిండర్ రబ్బర్లు, ముందు చక్రం బేరింగు సెట్టు, హెడ్ గ్యాస్కెట్, ట్యూబులు రెండు. 20డబ్ల్యూ-50 ఆయిల్ మూడు లీటర్లు. 2.5 చదరపు మి.మీ. వైరు పది మీటర్లు, బైండింగ్ వైరు, ఎం-సీల్, ఇన్సులేషన్ టేపు, టో తాడు, జాకీ కింద వేయడానికి అడుగు చదరపు మందపాటి చెక్క. పచ్చిక మీద జాకీ దిగబడుతుంది, ఆ చెక్క లేకపోతే స్టెప్నీ ఉన్నా లేనట్టే. గేర్‌బాక్సు, క్రౌన్ పినియన్ లాంటివి మోయకండి. అవి పోతే రోడ్డుపక్కన బాగుచేసుకునేవి కావు.

టైరు పక్కన చివరి నాలుగంకెలు వారం, ఏడాది చెప్తాయి. 3519 అంటే 2019లో 35వ వారం. ఆరేళ్ళు దాటినవి గాడులు లోతుగా ఉన్నా మార్చేయండి. అక్కడ చట్టం అడిగే కనీస లోతు 1.6 మి.మీ., వానలో కొండ దిగడానికి అది చాలదు.

మన ఘాట్ల మీద పరీక్ష

పని అంతా బయలుదేరడానికి నెలముందే ఆపేయాలి. ఆ తరువాత కొత్త పార్టు ఏదీ వేయకూడదు. కనీసం 1,000 కి.మీ. నడపాలి, అందులో ఒకరోజు ఇలా: తిరుపతి నుంచి చంద్రగిరి, భాకరాపేట ఘాట్ ఎక్కి పీలేరు, వాల్మీకిపురం, మదనపల్లె, హార్స్‌లీ హిల్స్. తిరిగి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, మొగిలి ఘాట్ దిగి బంగారుపాళెం, చిత్తూరు, తిరుపతి. సుమారు 350 కి.మీ. ర్యాలీలో ఒకరోజు నడక దాదాపు ఇంతే. ముగ్గురు మనుషులు, 60 కిలోల సామాను తప్పకుండా ఉండాలి. ఖాళీ బండి పరీక్ష పరీక్ష కాదు. మొగిలి ఘాట్ లారీల రద్దీ, ప్రమాదాలు ఉన్న చోటు కాబట్టి తెల్లవారుజామున కాకుండా, వెలుగున్నప్పుడే దిగేలా చూసుకోండి.

హార్స్‌లీ హిల్స్ కిందికి రాగానే పక్కకు ఆపి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు డ్రమ్ములూ కొలవండి. ముందరి రెండూ, వెనకటి రెండూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఒకే ఇరుసు మీద ఎడమకూ, కుడికీ 40 డిగ్రీల తేడా ఉంటే వేడిగా ఉన్నది పట్టేసి ఉండాలి, లేదా చల్లగా ఉన్నది పనిచేయడం లేదు. అన్నీ 200 దాటితే బండి తప్పు కాదు, గేరు పట్టుకున్న మనిషి తప్పు. మరుసటి ఉదయం చల్లటి ఇంజన్‌లో నీళ్ళు, ఆయిల్, బ్రేక్ ఆయిల్ ఎంత తగ్గాయో గుర్తుపెట్టండి. రోజుకు అరలీటరు ఆయిల్ తాగే బండి 16 రోజులకు ఎంత తాగుతుందో లెక్కేసి మోసుకెళ్ళాలి.

అదేరోజు మీటర్ తప్పు కూడా కొలుచుకోండి. చిత్తూరు-తిరుపతి హైవే మీద కిలోమీటర్ రాళ్ళ ప్రకారం 20 కి.మీ. నడిపితే మీ మీటర్ 21.2 చూపిందనుకోండి. అంటే రోడ్‌బుక్ (ర్యాలీవాళ్ళు ఇచ్చే దారి పుస్తకం) చెప్పే ప్రతి దూరాన్నీ 1.06తో గుణించాలి. రోడ్‌బుక్ 12.6 దగ్గర తిరగమంటే మీ మీటర్‌లో 13.4 దగ్గర తిరగాలి. రోడ్‌బుక్‌లో బొమ్మలకు ట్యులిప్ అని పేరు, నెదర్లాండ్స్‌లో జరిగే ట్యులిప్ ర్యాలీ నుంచి వచ్చిందా పేరు. చుక్క ఉన్నచోటి నుంచి మీరు వస్తున్నారు, బాణం ఉన్నవైపు వెళ్ళాలి. రోడ్డు నిజంగా ఎటు వంకర తిరిగిందన్నది అందులో ఉండదు, కూడలి ఆకారం మాత్రమే ఉంటుంది. రెగ్యులారిటీలో 42 కి.మీ. సగటు అంటే నిమిషానికి 700 మీటర్లు. ఇలాంటివి ముందే చీటీ రాసుకోండి, ఊగే బండిలో భాగహారం కుదరదు.

కాగితాలు, అక్కడి రోడ్డు

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీఓ దగ్గరే వస్తుంది, ఏడాది చెల్లుతుంది. నడిపే ప్రతి ఒక్కరికీ ఉండాలి, ఒరిజినల్ లైసెన్సు కూడా వెంట ఉండాలి. షెంగెన్ (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల గుంపు) వీసాకు 30,000 యూరోలకు తగ్గని మెడికల్ ఇన్సూరెన్సు కావాలి. 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. దారి సెర్బియాకో, బ్రిటన్‌కో పోతే షెంగెన్ దాటి మళ్ళీ లోపలికి రావాలి కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ అడగండి. రొమేనియా, బల్గేరియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా షెంగెన్ లోపలే. మన నంబరు ప్లేటు బండికి అక్కడి గ్రీన్ కార్డు అనే ఇన్సూరెన్సు పత్రం గానీ, ప్రవేశించేచోట కొనే ఫ్రాంటియర్ ఇన్సూరెన్సు గానీ లేకుండా ఒక్క కి.మీ. కూడా నడపకూడదు. వెనకాల ఇండియా బండి అని తెలిపే ఐఎన్‌డీ (IND) స్టిక్కరు అంటించాలి.

కనుమలు ఏడాదంతా తెరిచి ఉండవు. స్టెల్వియో మే చివర, జూన్ దాకా మంచుకింద ఉంటుంది. రొమేనియాలో 2,042 మీటర్ల ట్రాన్స్‌ఫగరాషాన్ సాధారణంగా జులై నుంచి అక్టోబర్ వరకే. రొమేనియాలో మోటర్‌వేలకే కాదు, జాతీయ రహదారులన్నిటికీ రోవినియెటా అనే రోడ్డు పన్ను కట్టాలి, ఈ కొండ రోడ్డు కూడా అందులోకే వస్తుంది. స్విట్జర్లండ్ మోటర్‌వే ఎక్కితే 40 ఫ్రాంకుల ఏడాది విగ్నెట్ (రోడ్డు పన్ను) తప్పదు, ఒక్కరోజుకైనా.

అక్కడ హారన్ మన ఘాట్లలోలాగా వాడరు. స్విస్ కొండ రోడ్లలో పసుపు పోస్ట్ బస్సులు మాత్రం మూడు స్వరాల హారన్ కొడతాయి. అది వినబడితే వెడల్పున్న చోట ఆగి దారివ్వాలి, బస్సు డ్రైవర్ చేయి ఊపి ఎలా చెప్తే అలా చేయాలి. ఇరుకుచోట ఎదురుపడితే ఎక్కే బండికే దారి. గుర్తులేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిదే ముందు. మన స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కాబట్టి ఓవర్‌టేక్‌కు ఎదురుగా ఏం వస్తోందో ఎడమ సీట్లో ఉన్నవాళ్ళు చెప్పాలి. వాళ్ళు "ఖాళీ" అన్నా అంబాసిడర్ 60 నుంచి 80కి అందుకునే టైం మర్చిపోవద్దు. ట్రయాంగిల్ ఒకటి, మనిషికో రిఫ్లెక్టర్ జాకెట్ ఉండాలి. జాకెట్లు డిక్కీలో కాదు, సీటుకింద. దిగకముందే వేసుకోవాలి. ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మంటలార్పే సిలిండర్ కూడా పెట్టుకుంటే ఏ దేశంలోనూ మాట పడక్కర్లేదు. ఎక్కడైనా ఎమర్జెన్సీ నంబరు 112.

తిండికి పొడులు, ఊరగాయలు, అటుకులు చాలు. నెయ్యి, పాలకోవ, మాంసం పచ్చళ్ళు వద్దు. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తేవడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు.

పెట్రోలు లెక్క సులభం. లీటరుకు 9 కి.మీ. అనుకుంటే 5,000 కి.మీ.కు 555 లీటర్లు, లీటరు 1.80 యూరోలైతే దాదాపు 1,000 యూరోలు. కొండలు ఎక్కువుంటే ఇంకో పదిశాతం కలపండి.

పంపడం, తెచ్చుకోవడం

చెన్నై రేవు మనకు 140 కి.మీ. అంబాసిడర్ పొడవు 4.3 మీటర్లు, 20 అడుగుల కంటెయినర్‌లో బాగా పడుతుంది. ట్యాంకులో పెట్రోలు పావువంతుకు తక్కువ ఉండాలి, బ్యాటరీ తీగ విప్పాలి. చక్రాలకు అడ్డం కొట్టే చెక్కమీద వేడిచికిత్స చేసిన ముద్ర ఉండాలి. ముద్రలేని చెక్కను యూరప్ రేవులో ఆపేస్తారు. డిక్కీలోని ప్రతి స్పేర్ పార్టు ప్యాకింగ్ లిస్టులో కనబడాలి.

యూరోపియన్ యూనియన్‌లోకి పర్యాటకుల బండి కార్నెట్ (సుంకం కట్టకుండా బండిని తాత్కాలికంగా దేశం దాటించే కస్టమ్స్ పుస్తకం) లేకున్నా ఆరు నెలలకు రావచ్చు. అయినా కార్నెట్ తీసుకోమనే చెప్తాం, ఎందుకంటే బండి మన రేవుకు తిరిగొచ్చినప్పుడు సుంకం గొడవ లేకుండా విడిపించేది అదే. దానికి బండి విలువను బట్టి బ్యాంకు గ్యారంటీ కట్టాలి. ప్రతి పేజీలో ప్రవేశ ముద్రకు ఒక భాగం, నిష్క్రమణ ముద్రకు ఒక భాగం ఉంటాయి. నిష్క్రమణ ముద్ర పడకపోతే బండి అక్కడే అమ్మేశారని లెక్కవేసి సుంకం అడుగుతారు. కాబట్టి తిరుగు కంటెయినర్ ఎక్కించే రోజు కస్టమ్స్ కౌంటర్ తెరిచే వేళకే అక్కడుండి, ముద్ర, తేదీ, సంతకం మూడూ పడ్డాయో లేదో చూసుకుని, ఆ పేజీ ఫొటో తీసుకుని గానీ రేవు దాటకండి. చెన్నైలో చివరి ముద్ర పడ్డాక కార్నెట్‌ను ఇచ్చిన అసోసియేషన్‌కు తిరిగి అప్పగిస్తేనే గ్యారంటీ విడుదలవుతుంది.